ముక్కు వెనక క్యాన్సర్‌కి రేడియేషన్ అయిన ఏళ్లకి మెదడులో నెక్రోసిస్: ఆపరేషనా, ఇంజెక్షన్లా?

వానచినుకు:

మా అన్నయ్యకి ఐదారేళ్ల కిందట ముక్కు వెనక భాగంలో క్యాన్సర్ వచ్చింది, నేసోఫారింక్స్ అంటారట. 70 గ్రే రేడియేషన్ ఇచ్చారు, దాంతోపాటు కీమో. అప్పట్నుంచి ప్రతి చెకప్‌లోనూ అంతా క్లియర్. నోరు ఎండిపోవడం, ఒక చెవి సరిగ్గా వినపడకపోవడం, దవడ పూర్తిగా తెరుచుకోకపోవడం మిగిలాయి గానీ వాటితోనే బతకడం అలవాటైపోయింది.

కొన్ని నెలలుగా మనిషి మారాడు. చెప్పిందే మళ్లీ చెప్తాడు, తెలిసినవాళ్ల పేర్లు నోటిదాకా వచ్చి ఆగిపోతాయి, ఊరికే విసుక్కుంటాడు. ఏదో మాడుతున్న వాసన అంటాడు, మాకెవరికీ రాదు, ఆ వెంటనే పెదవులు చప్పరిస్తూ కాసేపు ఎటో చూస్తూ ఉండిపోతాడు. ఆ తర్వాత ఒకరోజు పెద్ద ఫిట్ వచ్చింది. ఎంఆర్ఐలో ఎడమ టెంపొరల్ లోబ్‌లో, అంటే చెవి పక్కనుండే మెదడు భాగంలో, నెక్రోసిస్ (కణజాలం చచ్చిపోవడం), పక్కనే నీటితిత్తి, చుట్టూ బాగా వాపు, మెదడు మధ్యగీత కొంచెం పక్కకి జరిగింది అని రాశారు. కుడివైపు కూడా చిన్న మార్పు మొదలైందట.

వాపు తగ్గించే స్టెరాయిడ్ మాత్ర డెక్సామెథాసోన్ మొదలుపెట్టగానే తలనొప్పి తగ్గింది, మాట కూడా కాస్త తేటపడింది. కానీ డోసు తగ్గించిన ప్రతిసారీ మళ్లీ మొదటికే వస్తోంది, పైగా షుగర్ పెరిగిపోయింది, రాత్రిళ్లు నిద్ర లేదు. ఇప్పుడు క్యాన్సర్ డాక్టర్ బెవాసిజుమాబ్ ఇంజెక్షన్లు వేద్దాం అంటున్నారు, న్యూరోసర్జన్ ఏమో తిత్తి పెరుగుతోంది కాబట్టి పుర్రె తెరిచి తీసేయడమే మంచిది అంటున్నారు. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ నమ్మకంగానే చెప్తున్నారు, మధ్యలో మాకే పిచ్చెక్కుతోంది.

అసలు ఇది క్యాన్సర్ తిరిగి రావడం కాదని ఎలా తెలుస్తుంది? ఆపరేషన్ చేస్తే జ్ఞాపకశక్తి తిరిగొస్తుందా? దీన్ని దాటినవాళ్లు, దీని గురించి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

స్కాన్‌గది:

నేను రేడియాలజీలో పనిచేస్తాను. మీ అన్నయ్యగారి స్కాన్ చూడలేదు కాబట్టి ఆయన కేసు మీద తీర్పు చెప్పలేను, మామూలుగా ఎలా ఆలోచిస్తామో చెప్తాను.

ముక్కు వెనక గది మెదడు కింది ఎముకకి ఆనుకునే ఉంటుంది, ఆ ఎముక మీద చెరోపక్కా కూర్చునేవే టెంపొరల్ లోబ్‌లు. గడ్డకి పూర్తి డోసు అందాలంటే, ముఖ్యంగా అది ఎముకలోకి పాకి ఉంటే, ఆ లోబ్‌ల అడుగుభాగానికి కొంత తగలక తప్పదు. కిరణాలని గడ్డ ఆకారానికి తగ్గట్టు మలిచే ఐఎంఆర్‌టీ పద్ధతి వచ్చాక బాగా తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. దెబ్బ ఎక్కువగా సన్నటి రక్తనాళాల లోపలి పొర మీద పడుతుంది. అవి ఏళ్ల తరబడి మెల్లగా మూసుకుపోతూ వస్తాయి, రక్తం అందని చోట వీఈజీఎఫ్ అనే ప్రోటీన్ విడుదలవుతుంది, అది నాళాలని ఇంకా కారేలా చేస్తుంది, కారితే వాపు, వాపు వల్ల రక్తం ఇంకా తక్కువ. ఇలా ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి కాబట్టే వైద్యం అయిపోయిన ఇన్నేళ్లకి బయటపడుతుంది. మాడిన వాసన, పెదవులు చప్పరించడం, ఎటో చూస్తూ ఉండిపోవడం అన్నీ టెంపొరల్ లోబ్ ఫిట్స్‌కి అచ్చమైన గుర్తులు. మీరు రాసింది చదవగానే స్కాన్ ఏం చూపించి ఉంటుందో ఊహించగలిగాను.

ఇక క్యాన్సరా కాదా. మామూలు కాంట్రాస్ట్ ఎంఆర్ఐ ఒక్కదానితో తేలదు, రెండూ రంగు పీల్చుకుంటాయి. నెక్రోసిస్ లోపల సబ్బు నురగలా బుడగలు బుడగలుగా కనిపించడం ఒక సూచన, అంతే. పర్ఫ్యూజన్ ఎంఆర్ఐ అడగండి. గడ్డ అయితే అక్కడ రక్తం ఎక్కువ, చచ్చిన కణజాలమైతే తక్కువ. కణజాలంలోని రసాయనాలని కొలిచే స్పెక్ట్రోస్కోపీలో గడ్డకి కోలిన్ పెరుగుతుంది, నెక్రోసిస్‌లో లిపిడ్, లాక్టేట్ పైకొస్తాయి. పెట్ స్కాన్ కూడా ఉపయోగపడుతుంది. మామూలు గ్లూకోజ్ పెట్ మెదడులో అంత నమ్మకమైనది కాదు, మెదడే గ్లూకోజ్ విపరీతంగా తింటుంది కాబట్టి. అమైనో యాసిడ్ పెట్ దొరికితే మేలు.

చాలామంది అడగనిది ఇంకోటి ఉంది. అప్పటి రేడియేషన్ ప్లాన్, అంటే ఏ మిల్లీమీటర్‌కి ఎంత డోసు వెళ్లిందో చూపించే మ్యాప్, ఆ సెంటర్‌లో మామూలుగా భద్రంగానే ఉంటుంది. దాన్ని తెప్పించి ఇప్పటి ఎంఆర్ఐ మీద పెట్టి చూడమనండి. మచ్చ ఎక్కువ డోసు పడ్డ చోటే ఉంటే నెక్రోసిస్ వైపు మొగ్గు, డోసు లేనిచోట ఉంటే వేరే ఆలోచించాలి. పాత ఎంఆర్ఐలు కూడా రిపోర్టు కాగితాలు కాదు, సీడీలు పట్టుకెళ్లండి. ఈ రకం క్యాన్సర్ మెదడు కణజాలంలోకి దూరం నుంచి పాకడం అరుదు, వస్తే పుర్రె అడుగు ఎముక గుండా నేరుగా రావడమే ఎక్కువ. కాబట్టి ఆ ఎముక ఎలా ఉందో కూడా ప్రత్యేకంగా అడగండి.

పాతపేషెంట్:

అమ్మా, నేను దీన్ని దాటినవాణ్నే. నాది కుడివైపు, కాబట్టి మీ అన్నయ్యతో నేరుగా పోల్చుకోకు, ఎడమవైపు లెక్క వేరు.

నాకు ముందు స్టెరాయిడ్లు, తర్వాత బెవాసిజుమాబ్ ఇచ్చారు. ఇంజెక్షన్ తర్వాత వాపు దిగింది, స్కాన్ చూసి అందరం సంబరపడ్డాం. కానీ తిత్తి అలాగే ఉంది, ఆపిన కొన్ని నెలలకి వాపు తిరిగొచ్చింది, తిత్తి ఇంకా పెద్దదైంది. పొద్దున లేవగానే తలనొప్పి, వాంతి, రోజంతా మగత. అప్పుడు ఆపరేషన్ చేశారు. చెవి ముందు నుంచి పైకి కోత పెట్టి, ఎముక ముక్క తెరిచి, తిత్తి ఖాళీ చేసి చచ్చిన ముద్ద తీసేశారు. పరీక్షకి పంపితే క్యాన్సర్ కణాలు లేవని వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ కాగితం చేతికొచ్చాకే నాకు ఊపిరి ఆడింది. అప్పటిదాకా ఎన్ని స్కాన్లు చూపించి ఎవరెంత చెప్పినా లోపల అనుమానం ఉంటూనే ఉంది.

ఇప్పుడు నువ్వు అడిగిందానికి సూటిగా చెప్తాను. తలనొప్పి పోయింది. మగత పోయింది. స్టెరాయిడ్ మెల్లమెల్లగా తగ్గించి ఆపగలిగారు, నాకు అదే పెద్ద వరం, ఎందుకంటే ఆ మాత్రలతో తొడల్లో బలం పోయి కుర్చీలోంచి లేవాలంటే చేతులు ఊనాల్సి వచ్చేది. జ్ఞాపకశక్తి మాత్రం తిరిగి రాలేదు. ఇంకా దిగజారకుండా ఆగింది, కాస్త చురుకుదనం వచ్చింది, అంతవరకే. వాపు కింద నలిగిన భాగం తేరుకుంటుంది, చచ్చిపోయింది చచ్చిపోయినట్టే అని నా సర్జన్ ముందే మొహం మీద చెప్పాడు. అలా చెప్పినందుకు ఆ మనిషి మీద గౌరవం పెరిగింది.

ఇంకోటి. నాకు రెండు కళ్లలోనూ ఎడమవైపు పైభాగం చూపు పోయింది. చూపు నరాల దారి ఒకటి టెంపొరల్ లోబ్ గుండా వంపు తిరిగి వెళ్తుందట. తెరిచి ఉన్న అల్మరా తలుపులు తలకి కొట్టుకుంటాయి, బండి నడపడం మానేశాను. ఇది ముందే చెప్పారు కాబట్టి షాక్ కాలేదు. మీకూ చెప్పారో లేదో అడుగు, ఎడమవైపు ఆపరేషన్ అయితే పోయేది కుడివైపు చూపు.

సగంసగం:

పైన అన్నగారు చెప్పింది కాదనను గానీ ఇది చదివి ఇంజెక్షన్ వృథా అనుకోకండి. మా ఆవిడకీ ఇలాగే ముక్కు వెనక క్యాన్సరే, ఆవిడ బెవాసిజుమాబ్‌తోనే నిలబడింది, తల తెరవాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు.

ఈ మందు ఊరికే ఎవరో చెప్పింది కాదు. వీఈజీఎఫ్‌నే కట్టేస్తుంది, పైన స్కాన్‌గది గారు చెప్పిన ఆ చక్రాన్ని మధ్యలో తెంపుతుంది అన్నమాట. 2011లో డమ్మీ మందుతో పోల్చి ఒక చిన్న ట్రయల్ వచ్చింది, 14 మందే, కానీ మందు పడ్డవాళ్లందరికీ స్కాన్ మెరుగైంది, డమ్మీ పడ్డవాళ్లలో ఒక్కరికీ కాలేదు. 2018లో ప్రత్యేకంగా ఈ ముక్కు వెనక క్యాన్సర్ రోగుల మీదే 112 మందితో ఇంకోటి వచ్చింది, బెవాసిజుమాబ్ వర్గంలో 65.5 శాతం మందికి పనిచేస్తే స్టెరాయిడ్ వర్గంలో 31.5 శాతానికే. ఆపాక కొందరికి తిరగబెట్టిందన్నది కూడా నిజమే, అది దాచను.

జాగ్రత్త ఒక్కటే. రేడియేషన్ తిన్న ముక్కులోంచి రక్తం కారే అలవాటు ఉంటే ఈ మందు ప్రమాదం. మెడ, పుర్రె అడుగు దగ్గర పెద్ద రక్తనాళం గోడ దెబ్బతిని ఉంటే ఇంకా ప్రమాదం. మా ఆవిడకి మొదలుపెట్టే ముందు ఈఎన్‌టీ వాళ్లు గొట్టం వేసి ముక్కు లోపల ఎక్కడైనా ఎముక బయటపడి ఉందా, పుండు ఉందా అని చూశారు. బీపీ కూడా పెరుగుతుంది, ఇంట్లో మిషన్ పెట్టుకుని చూసుకోవాలి. మీ అన్నయ్యగారికి పొద్దున్నే ముక్కులో రక్తపు చారలు కనిపిస్తుంటే డాక్టర్‌కి తప్పక చెప్పండి, అలవాటైపోయి చాలామంది చెప్పరు.

మత్తువిభాగం:

ఆపరేషన్ గురించి మాట్లాడేటప్పుడు అందరూ కోత గురించే మాట్లాడతారు, మా వైపు ఎవరూ చూడరు, కాబట్టి కాస్త దీర్ఘంగా రాస్తున్నా, క్షమించండి. నేను మత్తు డాక్టర్‌ని.

"దవడ పూర్తిగా తెరుచుకోదు" అని మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు. నాకు ఈ మొత్తం పోస్టులో అన్నిటికంటే ముఖ్యమైన మాట అది. మెదడు ఆపరేషన్‌కి గొంతులో గొట్టం వేయాలి. నోరు రెండు వేళ్లు కూడా పట్టనంత తక్కువగా తెరుచుకుని, మెడ రేడియేషన్‌తో చెక్కలా బిగుసుకుపోయి, గొంతు లోపల వాపు ఉంటే మామూలు పద్ధతిలో గొట్టం వేయడం కుదరకపోవచ్చు. అలాంటివాళ్లకి మనిషి మెలకువగా ఉండగానే గొంతుని మొద్దుబార్చి, సన్నని కెమెరా గొట్టం మీదుగా మెల్లగా పంపుతాం. భయపడేంత పని కాదు, ముందే తెలిస్తే చక్కగా జరిగిపోతుంది. ఆపరేషన్ ముందురోజు రాత్రి తెలిస్తేనే ఇబ్బంది. కాబట్టి తేదీ ఖాయం చేసే ముందే మత్తు డాక్టర్‌ని కలవండి, పళ్ల మధ్య దూరం కొలిపించండి.

రెండోది హార్మోన్లు. మెదడు అడుగున పిట్యూటరీ గ్రంథి కూడా ఆ రేడియేషన్ దారిలోనే ఉంటుంది, ఏళ్ల తర్వాత మెల్లగా పనిచేయడం తగ్గుతుంది. నీరసం, చలి, మందకొడితనం చూసి అంతా నెక్రోసిస్ ఖాతాలో వేస్తారు. థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే సరిపోదు, ఫ్రీ టీ4 కూడా చూడాలి, ఎందుకంటే లోపం పిట్యూటరీలో ఉన్నప్పుడు టీఎస్‌హెచ్ మామూలుగా కనపడి మోసం చేస్తుంది. శరీరం తయారుచేసుకునే స్టెరాయిడ్ హార్మోన్ కార్టిసాల్ సంగతి ఇంకా చిక్కు, డెక్సామెథాసోన్ వాడుతూ ఉంటే శరీరం సొంతంగా చేసుకోవడం మానేస్తుంది కాబట్టి పరీక్ష అర్థం కాదు. అందుకే ఆ మాత్రని మీ అంతట మీరు ఒక్కసారిగా ఎప్పుడూ ఆపకండి, షుగర్ పెరిగిందని భయమేసినా సరే. షుగర్‌కి మందు వేరే ఉంది.

మూడోది, ఇంజెక్షనా ఆపరేషనా అనే ప్రశ్నకి ఇది నేరుగా తగులుతుంది. బెవాసిజుమాబ్ పడితే గాయం సరిగ్గా మానకపోవచ్చు, రక్తస్రావం భయం ఎక్కువ. ముందుగా అనుకున్న ఆపరేషన్ అయితే ఆఖరి డోసుకీ దానికీ మధ్య కనీసం 28 రోజులు ఎడం ఉండాలి, ఆపరేషన్ తర్వాత కూడా కనీసం 28 రోజులు ఆగి, కుట్లు పూర్తిగా మానాకే మళ్లీ ఇవ్వాలి. కాబట్టి "ముందు ఒక ఇంజెక్షన్ వేసి చూద్దాం, పనిచేయకపోతే వెంటనే ఆపరేషన్" అనేది కాగితం మీద బాగుంటుంది గానీ, ఆ ఎడంలో తిత్తి పెరిగితే ఏం చేస్తారని ఇద్దరు డాక్టర్లనీ ఒకే గదిలో కూర్చోబెట్టి అడగాలి.

వానచినుకు:

అందరికీ చాలా థాంక్స్. ఏడుపొచ్చింది చదువుతుంటే, కానీ మంచి ఏడుపే.

మత్తువిభాగం గారూ, దవడ గురించి మాకెవరూ అడగలేదు, రేపే కనుక్కుంటాను. ముక్కులో రక్తం అప్పుడప్పుడు వస్తుంది, అన్నయ్య దాన్ని లెక్కే చేయడు. పాతపేషెంట్ అన్నయ్యా, ఎడమవైపు లెక్క వేరు అన్నారు, మా భయమంతా అదే. అన్నయ్య పాఠాలు చెప్పే మనిషి, మాట పోతే ఆయన బతకలేడు. కుడివైపు కూడా మొదలైందంటే రేపు అదీ తీయాల్సి వస్తుందా?

న్యూరోవార్డు:

నేను న్యూరోసర్జరీ ట్రైనింగ్‌లో ఉన్నాను. పైవాళ్లు చెప్పింది చాలావరకు సరిగ్గానే ఉంది, ఒక్క విషయంలో నాది కొంచెం వేరే అభిప్రాయం, అది చివర చెప్తా.

కుడిచేతివాటం వాళ్లలో అత్యధికులకి భాష ఎడమ అర్ధభాగంలోనే ఉంటుంది. కానీ టెంపొరల్ లోబ్ మొత్తం భాష కాదు. ముందుకొన, అడుగుభాగం తీసినా మాట సాధారణంగా నిలుస్తుంది, పైన వెనకవైపు భాగం జోలికి వెళ్తేనే ప్రమాదం. రేడియేషన్ నెక్రోసిస్ ఎక్కువగా వచ్చేది అడుగున, లోపలివైపే, అది కొంత అదృష్టం. ఆపరేషన్ ముందు మెదడులో ఏ పని ఎక్కడ జరుగుతుందో చూపించే ఫంక్షనల్ ఎంఆర్ఐ, నరాల దారులు చూపించే ట్రాక్టోగ్రఫీ చేసి, లోపల న్యావిగేషన్ సాయంతో వెళ్తారు. అవసరమైతే మనిషిని మెలకువగా ఉంచి మాట్లాడిస్తూ తీస్తారు, కానీ ఇంత వాపు, ఇంత బిగిసిన దవడ ఉన్నవాళ్లకి అది అందరికీ కుదరదు. పేర్లు తట్టకపోవడం మాత్రం ఆపరేషన్ తర్వాత కొంతకాలం పెరగొచ్చు, కొందరికి అలాగే ఉండిపోవచ్చు. ముందే మాట, జ్ఞాపకశక్తి కొలిచే న్యూరోసైకాలజీ పరీక్ష చేయించండి. ఇప్పుడు ఎంత ఉందో కొలత లేకపోతే తర్వాత పోయిందెంతో ఎవరూ చెప్పలేరు.

రెండువైపుల సంగతి. జ్ఞాపకానికి ముఖ్యమైన హిప్పోక్యాంపస్ చెరోపక్కా ఒకటి ఉంటుంది. 1953లో హెన్రీ మొలైసన్ అనే అమెరికన్‌కి మూర్ఛ తగ్గడానికి రెండు పక్కలా ఆ భాగం తీసేశారు. ఫిట్స్ తగ్గాయి, కానీ 2008లో చనిపోయేదాకా కొత్తగా జరిగిన విషయాలు ఆయనకి నిలవలేదు. మాకు ఇది మొదట్లోనే చెప్పే పాఠం. అందుకే రెండో పక్క కూడా దెబ్బతిని ఉన్న మీ అన్నయ్యగారిలాంటి కేసులో ఏ సర్జన్ అయినా ఎడమవైపు హిప్పోక్యాంపస్‌ని వీలైనంత వదిలేయడానికే చూడాలి. ఎంత తీస్తారు, ఏది వదులుతారు అని సూటిగా అడగండి. "మొత్తం శుభ్రంగా తీసేస్తాం" అనే జవాబు వస్తే ఇంకొకరి అభిప్రాయం తీసుకోండి. ఇది గడ్డ కాదు, అంచుల దాకా తీయాల్సిన అవసరం లేదు, ఒత్తిడి దిగితే చాలు. కుడివైపు చిన్న మార్పుకి ఇప్పుడు ఎవరూ కత్తి పెట్టరు, స్కాన్లతో కనిపెట్టుకుని ఉంటారు, ఇంజెక్షన్ బాగా పనికొచ్చేది అలాంటి తొలిదశకే.

తీసేయడం, ఊరుకోవడం అనే రెండే దార్లు లేవు. బాధంతా తిత్తి వల్లే అయితే చిన్న రంధ్రం గుండా నీళ్లు తీయొచ్చు, లేదా ఓమాయా రిజర్వాయర్ అని తలచర్మం కింద చిన్న గుండీ పెట్టి, నిండినప్పుడల్లా సూదితో లాగేయొచ్చు. మాటకి ముప్పు తక్కువ. అయితే మళ్లీ నిండుతుంది, ఇన్‌ఫెక్షన్ భయం ఉంటుంది, పరీక్షకి సరైన ముక్క దొరకదు.

ఇక నా వేరే అభిప్రాయం. ఇంజెక్షన్ ముందా ఆపరేషన్ ముందా అనేది అందరికీ ఒకే జవాబున్న ప్రశ్న కాదు. వాపు ఎక్కువ, ముద్ద తక్కువ అయితే ఇంజెక్షన్‌కే ముందు అవకాశం ఇవ్వాలి. పెద్ద తిత్తి, మధ్యగీత జరగడం, మగత పెరగడం, లోపల రక్తం, చీము అనుమానం, ముక్కులోంచి రక్తం వల్ల ఇంజెక్షనే కుదరకపోవడం, స్కాన్లతో క్యాన్సర్ కాదని తేలకపోవడం, వీటిలో ఒకటికి మించి ఉంటే నేను ఆపరేషన్ వైపే ఉంటాను. మీరు రాసినదాంట్లో కనీసం రెండు కనిపిస్తున్నాయి. రేడియేషన్ తిన్న చర్మం కాబట్టి కుట్లు మానడం ఆలస్యమవుతుంది, నీళ్లు కారుతున్నాయా అని రోజూ చూసుకోవాలి. ఈలోగా మనిషిని లేపినా లేవకపోవడం, ఒక కంటిపాప పెద్దదవడం, ఆగకుండా వాంతులు అయితే అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.

వానచినుకు:

పర్ఫ్యూజన్ ఎంఆర్ఐ అయింది, ఆ చోట రక్తం తక్కువే ఉందట, డోసు మ్యాప్‌తో కూడా సరిపోయింది. ఈఎన్‌టీ డాక్టర్ ముక్కు లోపల ఒకచోట ఎముక బయటపడి ఉందని చెప్పడంతో క్యాన్సర్ డాక్టరే ఇంజెక్షన్ వద్దన్నారు. సర్జన్‌ని "ఎంత తీస్తారు" అని అడిగితే ముందుభాగం, తిత్తి, ముద్ద మాత్రమే, లోపలి హిప్పోక్యాంపస్‌ని వదిలేస్తానన్నారు. మాట పరీక్ష రెండు పూటలు చేశారు, అన్నయ్య విసుక్కున్నాడు గానీ చేయించుకున్నాడు. మెలకువగా గొట్టం వేస్తామని మత్తు డాక్టర్ కూడా చెప్పారు.

పాతపేషెంట్ అన్నయ్యా, ఒక్కటి చెప్పండి, ఆపరేషన్ తర్వాత ఫిట్స్ మందు ఆపేశారా? మా అన్నయ్యకి లెవెటిరాసెటమ్ ఇచ్చినప్పట్నుంచి కోపం ఇంకా ఎక్కువైంది.

పాతపేషెంట్:

ఆపలేదమ్మా, ఇంకా వేసుకుంటూనే ఉన్నా. ఫిట్స్ రాకపోయినా నా డాక్టర్ ఇప్పుడే వద్దన్నాడు. నాకూ ఆ మందుతో ఇంట్లో అందరి మీదా అరుపులే, చెప్తే వేరే మందుకి మార్చారు, మనిషినయ్యాను. ఆ కోపం మీ అన్నయ్యది కాకపోవచ్చు, మందుది కావచ్చు, డాక్టర్‌కి చెప్పు. కానీ ఆపరేషన్ ముందు మీ అంతట మీరు మార్చొద్దు.